పడవకి మాల

ఆ ఏడు కార్తీకంలో నేను మాల వేసుకుని ఊరుకోలేదు. మా పడవకి కూడా వేశాను.

ఎవరూ వెయ్యమనలేదు. గురుస్వామి చెప్పలేదు, ఇంట్లో అడగలేదు. నాకే తోచింది. తోచినప్పుడు అది స్వామే తోపించాడనుకున్నాను. మనకి తోచేవాటిలో ఏది ఆయనది, ఏది మనది అన్నది తెలుసుకునే దారి నాకు ఇప్పటికీ దొరకలేదు.

ఇది రెండువేల పదిహేను నాటి సంగతి. కోటబొమ్మాళిలో ఆటో ఎక్కితే గంటకి మా ఊరు వస్తుంది. రోడ్డు ఇసకలో ఆగిపోతుంది, ఊరు అక్కడ మొదలవుతుంది. మా ఊళ్లో ఇళ్లు రెండు రకాలు. పడవ ఉన్న ఇల్లు, పడవ లేని ఇల్లు. పడవ లేని ఇంటి మగవాళ్లు గుజరాత్‌లో వీరావల్ పోయి, ఎవరివో పెద్ద బోట్ల మీద ఏడాదిలో తొమ్మిది నెలలు కూలికి వేటాడతారు. వాళ్ల పిల్లలకి తండ్రి అంటే ఫోన్లో గొంతు.

నా భార్య చిన్నతల్లికి ఒక్కడే తమ్ముడు, లక్ష్ముడు. వాడు రెండేళ్లు వీరావల్ వెళ్లాడు. రెండోసారి తిరిగొచ్చినప్పుడు వాడి చిన్న కూతురు వాణ్ణి చూసి జడిసి తల్లి కొంగులో దూరింది. ఆ సాయంత్రం మా అరుగు మీద కూర్చుని, "ఇంక నాను ఎల్లనప్పా. సస్తే ఇక్కడే సస్తాను," అన్నాడు. అప్ప అంటే మా వైపు అక్క. చిన్నతల్లి నా వైపు చూసింది. మర్నాటి నుంచి వాడు మా పడవలో మనిషి. అలా ఒక్క పడవ మీద రెండిళ్లు నిలబడ్డాయి.

మా నాన్న కట్టించిన చెక్క పడవ అది. ఊళ్లో మిగతావాళ్లు ఒక్కొక్కరూ ఫైబర్ పడవలకి మారిపోయారు. చెక్కవి నాలుగో అయిదో మిగిలాయి. చెక్క పడవ బతకాలంటే ఏటా దానికి మేత పెట్టాలి. మేత అంటే మా వాడుకలో నూనె పట్టించడం. వానలు తగ్గాక పడవని ఒడ్డుకి లాగి బోర్లించి, ఎండు తాటాకులు అంటించి అడుగంతా సెగ చూపించి పురుగుని చంపుతారు. అంటుకున్న గుల్లలు గీకేస్తారు. చెక్కకీ చెక్కకీ మధ్య సందుల్లో కొబ్బరి పీచు దూర్చి, గుగ్గిలం కరిగించి పోస్తారు. ఆ తర్వాత సొర చేప కార్జం నుంచి తీసిన నూనెలో, పలాస నుంచి తెచ్చిన జీడిపిక్కల తొక్క నూనె కలిపి, వేడి మీద మూడు పూతలు పూస్తారు. మొదటి పూత చెక్క తాగేస్తుంది. రెండోది సగం తాగుతుంది. మూడోది పైన నిలిస్తే దాని కడుపు నిండినట్టు.

ఈ పని ఊరందరికీ చేసిపెట్టేవాడు దాలయ్య, నాకు చిన్నాన్న వరస. జీడి తొక్క నూనె ఒంటి మీద పడితే బొబ్బలెక్కుతుంది. అందుకని అతని ముంజేతులు ఎప్పుడూ పొలుసులు రేగి ఉండేవి. అంతకు ముందు ఏడు శైలజ అని కాలేజీలో చదువుకునే అమ్మాయి వచ్చి, అతని పక్కన ఇసకలో కూర్చుని ఇదంతా పుస్తకంలో రాసుకుంది. బజారులో అమ్మే మందులు పూస్తే వాటి విషం నీళ్లలోకి దిగి చేప గుడ్లు చచ్చిపోతాయట. ఈ నూనెలతో ఆ బాధ లేదట. ఇది చాలా గొప్ప పద్ధతి తాతా అంది.

"గొప్పేటమ్మా," అన్నాడు దాలయ్య. "సేపని సంపి దాని నూనె తీస్తన్నాం. దాని గుడ్లకి మేలు సేస్తన్నామంటే అది నవ్వదేటి?"

ఆ పిల్ల నవ్వి, అది కూడా రాసుకుంది.

ఆ పిల్ల వచ్చిన ఏడు సొరలు సరిగా పడలేదు. మా పడవకి ఒక్క పూతే అందింది. "పై ఏటికి మూడు పూతలూ పడాల. ఇది అర్దాకలి మీద ఉన్నాది," అని దాలయ్య అప్పుడే చెప్పి ఉంచాడు.

మాల నేను నాన్న పోయిన దగ్గర్నుంచి వేస్తున్నాను. నలభై ఒక్క రోజులు మా ఇంట్లో చేప వాసన ఉండదు. చిన్నతల్లి చేపల గంపని తమ్ముడింట్లో పెట్టి, అక్కడే తలమీద నీళ్లు పోసుకుని, చీర మార్చుకుని గాని మా గుమ్మం తొక్కేది కాదు. ప్రతి ఏడూ నా మాలకి ముందే పడవకి మేత పెట్టేసేవాళ్లం. నేను పూజలో ఉంటే లక్ష్ముడు పడవ నడిపేవాడు. కాని నాకొక ముల్లు ఉండేది. నేను నిష్ఠలో కూర్చుంటే, నా పడవ బయట చేపల్ని చంపుతోంది. అవి అమ్మి కొన్న బియ్యమే నేను స్వామికి నైవేద్యం పెట్టి తింటున్నాను. ఇది ఏ పాటి నిష్ఠ?

నేను చెప్తున్న ఈ ఏడు వానలు తొందరగా వదల్లేదు. దాలయ్య నూనె కాచి సిద్ధం చేసేసరికి నా మాల రోజు వచ్చేసింది. అప్పుడు తోచింది, పడవ కూడా నాతో పాటు నలభై ఒక్క రోజులు ఒడ్డున ఉండాలని. వేట లేదు, చేప నూనె లేదు.

మా గురుస్వామి ఉమాశంకర్ గారు కోటబొమ్మాళిలో బట్టల కొట్టు నడుపుతారు. మాల వేయించుకున్నాక ఆయనతో ఈ మాట చెప్పాను.

"పడవకేటి స్వామీ?" అని నవ్వారు. "అది కొండెక్కుద్దా, దిగుద్దా? సరే, మీ భక్తి. వద్దనడానికి నేనెవర్ని."

ఆ 'సరే' తెచ్చుకుని ఇంటికొచ్చాను. తులసి పూసల మాల ఒకటి పడవ అణియానికి, అంటే ముందు కొమ్ముకి, కట్టాను. లక్ష్ముడు పక్కన నిలబడి చూస్తున్నాడు.

"నలబై ఒక్క రోజులా బావా?"

"స్వామీ అనాలి."

"నలబై ఒక్క రోజులా సామీ? మరి నా పిల్లలేటి తినాల?"

"అన్నాళ్లూ ఎవరి పడవలోనైనా వెళ్లు. నేను చెప్తాను."

వాడు తల గోక్కున్నాడు. వాడికి నా మీద గురి. "సరే, నువ్వు మనసులో పెట్టుకున్నావంటే ఏదో ఉంటాది," అన్నాడు.

దాలయ్య నూనె డబ్బా నెత్తిన పెట్టుకుని అప్పుడే వచ్చాడు. అణియం వైపు చూసి, డబ్బా దించి, తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు.

"ఏట్రా రాముడూ ఇది?"

"మాల, సిన్నాన్నా. సొర నూనె తగలకూడదు."

"మరి దీనికి మేతో?"

"నువ్వుల నూనె రాస్తాను, దీపానిది. పైన రంగు వేస్తాను."

"నువ్వుల నూనె ఆరదురా. బూజు పడతాది. రంగు పైనుంటాది, కర్ర లోపలుంటాది. రంగేస్తే లోపలి తడి ఎటు పోతాదనుకున్నావు?"

మాల ముడి ఇంకాస్త బిగించాను. మాలలో వాదించకూడదు.

"పోనీ సొర నూనె ఒద్దు," అన్నాడు కాసేపటికి. "ఉత్త జీడి తొక్క నూనె రాయనీ. అది సెట్టుదే. మీ సామికి ఎదురు నేదు కదా."

"ఈ డబ్బాలో కలిసిపోయింది కదా."

"వేరే డబ్బా పలాస నుంచి తెప్పిస్తాను. మూడు రోజులు ఆగు."

మాల కట్టేశాను, ఇంక దాని మీద వేరే చెయ్యి పడడం నాకు ఇష్టం లేదు. అదే చెప్పాను.

దాలయ్య డబ్బా మళ్లీ నెత్తికెత్తుకున్నాడు. "మీ నాన్న మేత పెట్టిననాడు, మొదటి సుక్క గంగమ్మ తల్లి పేరు సెప్పి అణియానికి పెట్టేవోడు. ఆ సొర నూనే. ఆడికీ బక్తి ఉండేదిరా," అని వెళ్లిపోయాడు.

మూడు రోజులు. అంతకు మించి అతను అడగలేదు.

పడవకి ఆకాశం రంగు వేశాను, రెండు పూతలు. అణియం మీద అడ్డంగా మూడు విభూతి రేఖలు గీశాను. వానకి తడవకుండా మీద నీలం పట్టా కప్పాను. రోజూ తెల్లవారుతూనే బావి దగ్గర తలస్నానం చేసి, ఒక చెంబుడు నీళ్లలో కాసిని పాలు కలిపి, పట్టా ఒక మూల ఎత్తి అణియానికి అభిషేకం చేసేవాణ్ణి. నీళ్లు కొమ్ము మీంచి లోపలికి జారి, ఎక్కడికో దిగిపోయేవి. ఎక్కడికని నేను చూడలేదు.

లక్ష్ముడు వేరే వాళ్ల పడవలో అదనపు మనిషిగా వెళ్లేవాడు. వాళ్లు వాటాలో చివర చెయ్యి విదిలిస్తే వచ్చేది తెచ్చుకునేవాడు. అయినా నన్ను చూస్తే హాస్యమాడకుండా పోయేవాడు కాదు.

"సామీ, మీ సిన్నసామి లేచాడా?" అని పడవని చూపించేవాడు. "నా కంటే ఆడి పని బాగున్నాది. పొద్దున్నే పాలు తాగి పడుకుంటన్నాడు."

"నవ్వులాట కాదు లక్ష్ముడూ."

"నవ్వకపోతే ఏడవాల. ఏడిస్తే నీకు మైల."

ఊళ్లో ఆడవాళ్లు వచ్చి పడవ చుట్టూ తిరిగి దండం పెట్టుకోవడం మొదలెట్టారు. పక్క ఊళ్ల నుంచి కూడా వచ్చారు. ఎవరో ఫోన్లో ఫొటో తీశారు, అది చేతులు మారి విశాఖపట్నం దాకా పోయిందని చెప్పారు. నేను చూడనట్టు కూర్చునేవాణ్ణి. కాని అది నాకు నచ్చింది. ఇప్పుడు ఒప్పుకోవాలి, నచ్చింది.

ఒకనాడు దాలయ్య అటు పోతూ చెంబు చూశాడు.

"బావి నీళ్లా?"

"అవును."

"ఉప్పు నీళ్లలో ఎన్నాళ్లైనా నిలబడే కర్ర, మంచినీళ్లు నిలవుంటే తట్టుకోదురా. పొయ్యకు. అంత పొయ్యాలనుంటే అదిగో, అన్ని నీళ్లున్నాయి," అని సముద్రం చూపించాడు.

"సముద్రం నీళ్లతో అభిషేకం చేస్తారేటి సిన్నాన్నా?"

"గంగమ్మ నీళ్లకి మైలేటి?"

శరణం అనుకుని మిగిలిన నీళ్లు కూడా పోసేశాను.

ఆ రాత్రి భిక్ష వడ్డిస్తూ చిన్నతల్లి అడిగింది. మాలలో ఉన్నన్నాళ్లూ ఆమె కూడా నన్ను స్వామీ అనే పిలిచేది. "సామీ, దాలయ్య మావ సెప్పింది అబద్దం కాదు కదా. పొయ్యకపోతే సామికి కోపమొస్తాదా?"

"మొదలెట్టింది మధ్యలో ఆపకూడదు."

"మొదలెట్టమని ఎవులన్నారు?"

నేను తలెత్తి చూశాను. ఆమె మజ్జిగ గిన్నె తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

నలభై రోజులు అయ్యాయి. మర్నాడు కోటబొమ్మాళిలో మాకు ఇరుముడి కడతారు. పదహారు మందిమి ఒకే రైలు పెట్టెలో టికెట్లు చేయించుకున్నాం. పొద్దున్న నేను బయల్దేరే ముందు పడవ మాల విప్పి సముద్రంలో కలిపితే, లక్ష్ముడు ఆ రోజే పడవ దించుతాడు. ఇద్దరు మనుషుల్ని కూడా మాట్లాడుకున్నాడు. నలభై రోజులు పరాయి పడవలో చివరి వాటా తిన్నవాడు, ఆ మధ్యాహ్నం అమరం దగ్గర, అంటే వెనక కొమ్ము దగ్గర, కూర్చుని వల సర్దుకుంటూ ఏదో పాట కూనిరాగం తీస్తున్నాడు. నేను అణియం వైపు పట్టా తీశాను.

తడి గోనెసంచి వాసన వచ్చింది.

లోపలికి దిగి గుడ్డతో తుడిచాను. కొమ్ము కింద, మొదటి వంపు కర్ర చెక్కకి ఆనే మూలలో పాలు విరిగి ఎండిన తెల్లటి చార ఉంది. దాన్ని గోకుతుంటే వేలు చెక్కలోకి దిగింది. మొదటి కణుపు దాకా. అలాగే ఉంచాను కాసేపు. లోపల చల్లగా ఉంది.

"ఏటి సామీ అక్కడ?" అన్నాడు లక్ష్ముడు అటు నుంచి.

"ఏమీ లేదు."

వేలు తీసి పంచెకి తుడుచుకున్నాను. చిన్న చిల్లు, చిటికెన వేలంత. బయట రంగు అద్దంలా ఉంది. దాలయ్యని పిలిస్తే వస్తాడు, చూస్తాడు, చెక్క మార్చాలంటాడు. పది రోజుల పని. పడవ ఆగితే నేను ఆగాలి. నేను ఆగితే, మాల వేసిన పడవ కుళ్లిపోయిందట అని ఊరంతా అనుకుంటుంది. అది నా పరువు కాదు, స్వామి పరువు అనుకున్నాను. స్వామికి పరువేమిటి, దాన్ని నేను కాపాడేదేమిటి అన్నది అప్పుడు తోచలేదు. వారం రోజులే కదా, వచ్చాక నేనే దగ్గరుండి బాగు చేయిస్తాను, అంతవరకూ ఆయనే చూసుకుంటాడు అనుకున్నాను.

సంచిలోంచి విభూతి తీసి తడిపి ఆ చిల్లులో కూరి, పైన సమంగా రాశాను. ఆరాక అది కూడా పాల చారలాగే కనబడింది.

మర్నాడు మేళంతో నన్ను సాగనంపారు.

కొండ మీద దర్శనం బాగా జరిగింది. అంత తోపులాటలో కూడా నాకు రెప్పపాటు ఎక్కువే దొరికింది. దిగి పంబ దగ్గరికి వచ్చాక ఫోన్ మోగింది. చిన్నతల్లి.

"పడవ పోనాది," అంది.

ఫోన్ చెవికి గట్టిగా అదుముకున్నాను.

"ఆళ్లు దక్కేరు. ముగ్గురూ దక్కేరు. నువ్వు కంగారు పడకు. దర్శనం అయినాదా?"

"అయింది."

"సరే, జాగ్రత్తగా రా," అని పెట్టేసింది.

ఎలా జరిగిందో ఊరు చేరాక తెలిసింది. మొదటి రెండు రోజులూ పడవ బాగానే ఆడింది, మూడో రోజు తీరం కనబడనంత దూరం పోయాక ముందు నుంచి నీళ్లు వచ్చాయి. తోడిపోసే లోపే అణియం కింద చెక్క మొత్తం విడిపోయింది. పడవ ముక్కు కిందికి పెట్టి దిగిపోయింది. ఇంజనుతో సహా, వలతో సహా. ముగ్గురూ ఒక ఖాళీ డీజిల్ డబ్బా పట్టుకుని పొద్దు వాలేదాకా నీళ్లలో ఉన్నారు. అటుగా వచ్చిన ఫైబర్ పడవ వాళ్లు లాగారు.

నేను ఆటో దిగేసరికి జనం ఎదురొచ్చారు. తిడతారనుకున్నాను. కాళ్లకి మొక్కారు. నేను కొండ మీద శరణం అన్న గంటకే ఇక్కడ వాళ్లకి ఆ ఫైబర్ పడవ కనబడిందట. ఎవరో గడియారం చూసి మరీ లెక్క కట్టారు. లక్ష్ముడు అందర్నీ తోసుకుని వచ్చాడు. డబ్బా అంచు ఒరుసుకుని చంక దగ్గర్నుంచి మోచేతి దాకా చర్మం లేచిపోయి ఉంది. వంగి నా పాదాలు పట్టుకున్నాడు.

"పడవ నేదని బాద పడకు బావా. ఆ పడవ పోతూ మమ్మల్ని ఒగ్గేసి పోనాది. నువ్వు అక్కడ దండం పెట్టబట్టే కదా."

లేవదీశాను. నా చేతిలోంచి ప్రసాదం తీసుకుని కళ్లకద్దుకుని తిన్నాడు.

మూడో రోజు దాలయ్య మా ఇంటికొచ్చాడు. భుజం మీద ఒక చెక్క ముక్క. రెండు ఊళ్ల అవతల ఒడ్డుకి కొట్టుకొచ్చిందట, అక్కడివాళ్లు రంగు చూసి గుర్తుపట్టి ఇచ్చారట. ముంగిట్లో దించి, బయటి వైపు అరచేత్తో నిమిరాడు. ఆకాశం రంగు ఇంకా మెరుస్తూనే ఉంది. తిప్పి, లోపలి వైపు గోటితో గీశాడు. నానిన అటుకుల్లా ఊడి వచ్చింది.

"రంగు మాత్రం బాగా నిలబడ్డాదిరా," అన్నాడు.

అంతే అన్నాడు. మంచినీళ్లు ఇవ్వబోతే వద్దని వెళ్లిపోయాడు.

చిన్నతల్లి ఆ చెక్క ముందు గొంతుక్కూర్చుంది. ఇరవై ఏళ్లు పడవ మనుషుల మధ్య పెరిగి, పడవ మనిషిని చేసుకున్న ఆడది. నేను చెప్పనక్కర్లేదు.

"ఇది ఒక్క రోజులో అవదు."

"అవదు."

"నువ్వు ఎల్లిన ముందు రోజు తుడిసేవు కదా. సూడలేదా?"

ఎండ ఆమె వీపు మీద పడుతోంది. నేను నీడలో నిలబడి ఉన్నాను.

"చూశాను," అన్నాను.

ఆమె చాలాసేపు ఆ చెక్క పొట్టుని గోటితో రాలుస్తూ ఉంది. ఏడవలేదు. లేచి చేతులు దులుపుకుంది.

"ఈ మాట ఆడికి సెప్పకు," అంది. "నిన్న వీరావల్ నుంచి బోటు నడిపే సరంగు ఫోన్ సేసేడట. ఆళ్ల బోటులో ఒకడు జబ్బు సేసి ఇంటికెల్లిపోనాడట. ఆ సోటులో లక్ష్ముడు ఎల్తన్నాడు. నాను ఒద్దనలేదు. ఏ మొకం పెట్టుకుని ఒద్దంటాను? బావ బక్తి కాపాడినాది, ఆ సామి అక్కడా సూసుకుంటాడు అని గుండె సేసుకుని ఎల్తన్నాడు. ఆ గుండె కూడా నువ్వు తీసెయ్యకు."

ఆ చెక్కని పొయ్యిలో పెట్టడానికి ఆమెకి మనసొప్పలేదు. దడి పక్కన బోర్లా పడేసింది.

అయిదు రోజులకి వాణ్ణి రైలెక్కించడానికి నేనే వెళ్లాను. భార్యనీ పిల్లల్నీ రావద్దన్నాడు. చిన్న కూతురు ఈసారి వాణ్ణి వదల్లేదట, నిద్రపోతుంటే లేచి వచ్చేశాడు. కోటబొమ్మాళి స్టేషన్లో బెంచీ మీద కూర్చున్నాం. వాడి దగ్గర ఒక సంచి, ఒక దుప్పటి. చెయ్యి ఇంకా పూర్తిగా మానలేదు, పొడుగు చేతుల చొక్కా వేసుకున్నాడు.

"పై ఏటికి ఏదో ఒకటి సూద్దాం బావా," అన్నాడు. "సిన్నదైనా ఫైబరుది. నాను పంపిస్తుంటాను, నువ్వు కూడబెట్టు. ఈసారి మాత్రం సిన్నసామికి మాలేస్తే ముందే సెప్పు, నాను అటే ఉండిపోతాను."

నవ్వాడు. పాసింజరు వస్తోందని గంట కొట్టారు. వాడు సంచి కింద పెట్టి నా కాళ్ల మీదకి వంగాడు.

నేను వెనక్కి జరిగాను. వద్దనుకుంటూనే చెప్పేశాను. చిన్నతల్లి మాట తప్పాలని కాదు. వాడు వంగడం ఇంకొక్కసారి చూడలేకపోయాను. అది వాడి మీద జాలో, నా మీద నాకే జాలో ఇప్పటికీ తేల్చుకోలేను.

"అణియం కింద చెక్క కుళ్లిందని నాకు ముందే తెలుసు లక్ష్ముడూ."

వాడు వంగినవాడు వంగినట్టే తల మాత్రం ఎత్తాడు.

"ఎప్పుడు?"

"ఇరుముడి ముందు రోజు. నువ్వు ఏటి సామీ అని అడిగావు చూడు. అప్పుడు."

"మరి సెప్పలేదేటి?"

"చెప్తే నా ప్రయాణం ఆగిపోతుందని."

వాడు మెల్లగా నిటారు అయ్యాడు. రైలు దగ్గరికి వస్తోంది. జనం మూటలు ఎత్తుకుంటున్నారు. వాడు నన్ను కొడితే బాగుండుననిపించింది. చొక్కా చేతి గుండీ ఒకటి ఊడి ఉంటే దాన్ని పెట్టుకున్నాడు.

"అప్పకి తెలుసా?"

తెలుసు అనాలి. "తెలీదు," అన్నాను.

"సెప్పకు. ఇంక బతికున్నన్నాళ్లూ నీతోనే కదా అప్ప ఉండాల."

సంచి భుజానికి తగిలించుకుని, దుప్పటి చంకలో పెట్టుకుని జనంలో కలిసిపోయాడు. కిటికీ దగ్గరికి రాలేదు.

ఆ తర్వాత నేను దాలయ్య దగ్గర పనికి కుదిరాను. మిగిలిన చెక్క పడవలకి నూనె కాస్తాం. సొర కార్జం కుండలో కరుగుతుంటే వచ్చే ఆ వాసన మా ఇంట్లో ఇప్పుడు పన్నెండు నెలలూ ఉంటుంది. పూజ మాత్రం మానలేదు. ఆయన మీద నాకు కోపం లేదు. ఆయన అడగనివి నేను ఇచ్చాను, నేను అడిగినవి ఆయన ఎందుకివ్వాలి? మాల మళ్లీ వెయ్యలేదు. ఎందుకు వెయ్యడం లేదని గురుస్వామి రెండుసార్లు కబురు పెట్టారు. నా చేతులు బొబ్బలెక్కి ఉన్నాయని చెప్పి పంపాను.

లక్ష్ముడు ఆదివారం ఆదివారం చిన్నతల్లికి ఫోన్ చేస్తాడు. అక్కడి చలి గురించి, సరంగు గురక గురించి చెప్తాడు. ఆమె వాడి పిల్లల సంగతులు చెప్తుంది. ఒక్కోసారి ఇద్దరూ పెద్దగా నవ్వుకుంటారు. పడవ మాట ఆమె ఎత్తదు. వాడూ ఎత్తడు.

ఇదివరకు వాడు ఫోన్ చేస్తే మొదట బావ ఏడి అనేవాడు. ఇప్పుడు అడగడు. మొన్న మాత్రం, ఏదో అలవాటు కొద్దీ నోరు జారినట్టుంది. ఫోన్లోంచి వాడి గొంతు నాకు వినబడింది.

"బావేడి అప్పా?"

చిన్నతల్లి నా వైపు చూసింది.

"పూజలో ఉన్నాడు," అంది.

నేను ఆమెకి ఎదురుగానే, గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాను.